తుపానుకు రోజుల తరబడి కరెంటు పోతే జనరేటర్‌లో ఏం పోయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడు మా ఇంట్లో జనరేటర్ లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలోని మా ఊరి ఇంట్లో జనరేటర్ ఉంది, కానీ రెండో రోజు సాయంత్రానికి అందులో పోయడానికి చుక్క లేదు. అప్పటినుంచి ఈ విషయం మీద పట్టుబట్టి తెలుసుకుంటూ వస్తున్నాను. ఏటా అక్టోబర్ వచ్చేసరికి బంధువులు, స్నేహితులు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

పెట్రోలా, డీజిలా, గ్యాసా? ఒక్క మాటలో చెప్పండి.

కరెంటు పోయిన మూడో రోజు మీ చేతిలో ఏది ఉంటుందో అది. చాలామంది మైలేజీ చూస్తారు, ధర చూస్తారు, శబ్దం చూస్తారు. అవన్నీ చూడాల్సినవే గానీ, రోడ్డు మీద చెట్లు పడి, బంకులో కరెంటు లేక, ఉన్న ఒక్క బంకు దగ్గర వందల మంది నిలబడి ఉన్నప్పుడు ఆ లెక్కలు ఎందుకూ పనికిరావు. మామూలు ఇంటికి రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు, ఫోన్లు నడవాలంటే చిన్న పెట్రోల్ జనరేటర్ సరిపోతుంది. ట్రాక్టర్ ఉన్న ఇల్లు, రొయ్యల చెరువు, కోళ్లఫారం, అపార్ట్‌మెంట్ అయితే డీజిల్. గ్యాస్ రెండో ఏర్పాటుగా బాగుంటుంది, దాని గురించి కింద వివరంగా చెప్తాను.

అవసరం పడినప్పుడు బంకుకు వెళ్లి తెచ్చుకోవచ్చు కదా? ముందే కొని పెట్టుకోవడం ఎందుకు?

హుద్‌హుద్ తర్వాత విశాఖలో ఉన్నవాళ్లను ఎవరినైనా అడగండి. బంకులో పెట్రోల్ పైకి రావాలంటే పంపుకు కరెంటు కావాలి. భూమిలో ట్యాంకు నిండా పెట్రోల్ ఉన్నా, బంకువాళ్ల దగ్గర జనరేటర్ లేకపోతే అది మీకు రాదు. జనరేటర్ ఉన్న బంకుల ముందు క్యూలు ఎంత దూరం సాగాయో కళ్లారా చూశాను. సెల్ టవర్లు పనిచేయక ఏ బంకు తెరిచి ఉందో ఫోన్ చేసి కనుక్కునే దారి కూడా లేదు, బండిలో ఉన్న కాస్త పెట్రోల్ బంకు వెతకడానికే అయిపోయేది. పైగా ఏటీఎంలు పనిచేయవు, చేతిలో నగదు ఉండాలి. ఇంకో సంగతి, ప్లాస్టిక్ సీసాలు, వాటర్ క్యాన్లు పట్టుకెళ్తే పెట్రోల్ పోయరు, పోయకూడదు కూడా.

ఇంటికి ఎంత పెట్రోల్ ఉంచుకోవాలి? ఎంత ఉంచుకోవచ్చు?

ఇది రెండు ప్రశ్నలు. ముందు చట్టం సంగతి. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి లైసెన్సు లేకుండా 30 లీటర్ల వరకు పెట్రోల్ ఉంచుకోవచ్చు. అది గట్టి మూత ఉన్న ఇనుప డబ్బాల్లో ఉండాలి, ఒక్కో డబ్బా 25 లీటర్లకు మించకూడదు. గాజు సీసా అయితే ఒక్క లీటరే.

ఇక 30 లీటర్లు ఎన్ని రోజులు వస్తుందో చూద్దాం. ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 150 వాట్లు అనుకోండి, మూడు మామూలు ఫ్యాన్లు 225, ఆరు ఎల్ఈడీ బల్బులు 54, ఫోన్లు, రూటర్ కలిపి ఇంకో 40. మొత్తం 470 వాట్ల దగ్గర. ఈ లోడు మీద 2 కేవీఏ (జనరేటర్ సామర్థ్యానికి కొలత) చిన్న పెట్రోల్ జనరేటర్ గంటకు దాదాపు అర లీటరు తాగుతుంది. రాత్రీ పగలూ ఆపకుండా నడిపితే రోజుకు 12 లీటర్లు, అంటే మీ 30 లీటర్లు రెండున్నర రోజుల్లో ఖాళీ. అదే పొద్దున రెండు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు మాత్రమే నడిపితే రోజుకు 3 లీటర్లు, పది రోజులు వస్తుంది. తిత్లీ అప్పుడు మేం చేసిన తప్పు ఇదే. మొదటి రాత్రంతా టీవీతో సహా అన్నీ వేసుకుని కూర్చున్నాం, ఊళ్లో మా ఇంట్లో మాత్రమే లైటు వెలుగుతోందని పిల్లలకు సరదా. కొన్ని ఊళ్లకు కరెంటు రావడానికి వారాలు పడుతుందని ఆ రాత్రి మాకెవరికీ తెలీదు.

ఫ్రిజ్‌ను మాటిమాటికీ తెరవకపోతే నాలుగు గంటల దాకా చల్లదనం పోదు. ఫ్రీజర్‌లో నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెట్టుకుంటే ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. పాత ఫ్యాన్ 75 వాట్లు లాగితే, కరెంటు తక్కువ తినే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో నడుస్తుంది. నిలవ పెంచుకోవడం కన్నా వాడకం తగ్గించుకోవడం తేలిక అని నాకు అనుభవం మీద తెలిసింది.

నీళ్ల మోటారు కూడా నడపాలి. 2 కేవీఏ సరిపోతుందా?

1 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు ఒక కిలోవాట్ లాగినా, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి మూడు నాలుగు రెట్లు లాగుతుంది. 2 కేవీఏ మీద చాలాసార్లు ఎత్తదు, జనరేటర్ గుర్రుమని ఆగిపోతుంది. మోటారు తప్పనిసరి అనుకుంటే 3.5 నుంచి 5 కేవీఏ తీసుకోవాలి, అప్పుడు మిగిలిన సమయమంతా ఆ పెద్ద ఇంజన్ తక్కువ లోడు మీద కూడా ఎక్కువ ఇంధనం తాగుతుంది. మా ఇంట్లో అర హెచ్‌పీ మోటారు పెట్టుకున్నాం. ట్యాంకు నింపేటప్పుడు మిగతావన్నీ ఆపేస్తాం, ఫ్రిజ్‌తో సహా.

పెట్రోల్ డబ్బాలో ఎన్నాళ్లు నిలవ ఉంటుంది?

ఇప్పుడు మనకు బంకుల్లో దొరికేది ఈ20, అంటే అందులో 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌కు గాలిలో తేమను పీల్చుకునే గుణం ఉంది. మన కోస్తాలో తేమ గురించి చెప్పనక్కర్లేదు కదా. డబ్బా మూత సరిగ్గా లేకపోతే కొన్ని వారాల్లోనే నీరు చేరుతుంది, ఒక హద్దు దాటాక నీరూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. ఇంజన్ పైపు లాగేది అడుగునుంచే. గట్టిగా మూసిన ఇనుప డబ్బాలో, నీడలో, నిండుగా ఉంచితే రెండు మూడు నెలలు నమ్మొచ్చు, అంతకు మించి నేను నమ్మను.

2025 అక్టోబర్ చివర్లో మొంథా వస్తోందని హెచ్చరికలు మొదలైనప్పుడు మా జనరేటర్ తీసి తాడు లాగాను. ఇరవై సార్లు లాగినా ఉలకలేదు, పలకలేదు. వేసవిలో వాడి, ట్యాంకులో పెట్రోల్ అలాగే వదిలేశాను. కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) విప్పి చూస్తే అందులోని సన్న రంధ్రం, అదే జెట్, నిండా జిగురు. మెకానిక్ అప్పటికే పది ఇళ్లలో ఇదే పని మీద ఉన్నాడు, మా ఇంటికి మర్నాడు రాత్రికి గానీ రాలేదు, ఆ ఒకటిన్నర రోజు నాకు పట్టిన టెన్షన్ ఇంతా అంతా కాదు.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఇది. వాడకం అయ్యాక ఫ్యూయల్ కాక్ (ట్యాంకు నుంచి పెట్రోల్ వచ్చే కుళాయి) మూసేసి, కార్బురేటర్‌లో ఉన్నది కాలిపోయి ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడిపిస్తాను. సెప్టెంబర్ చివర్లో డబ్బా నింపుతాను, దాని మీద తేదీ రాస్తాను. నెలన్నర దాటితే ఆ పెట్రోల్ బండిలో పోసేసి మళ్లీ కొత్తది పట్టిస్తాను. తుపాన్ల సీజన్ అయ్యాక డిసెంబర్ చివరికి డబ్బా ఖాళీ. ఇందులో ఒక్క రూపాయి వృథా లేదు, ఎలాగూ బండికి కొట్టించుకోవాల్సిన పెట్రోలే.

డీజిల్ జనరేటర్ ఇంటికి తీసుకుంటే నష్టమేంటి? ఖర్చు తక్కువ అంటారు కదా?

ఖర్చు తక్కువే. సరైన లోడు మీద యూనిట్ కరెంటు తీయడానికి చిన్న పెట్రోల్ ఇంజన్‌కు సుమారు 0.6 లీటరు పడితే, డీజిల్ ఇంజన్‌కు 0.35 దగ్గర సరిపోతుంది. లీటరు ధర కూడా తక్కువ. లైసెన్సు లేకుండా 2,500 లీటర్ల దాకా నిలవ ఉంచుకోవచ్చు, ఒక్కో ట్యాంకు 1,000 లీటర్లు మించకుండా. పెట్రోల్‌లా ఆవిరి లేచి నిప్పురవ్వకే భగ్గున అంటుకునే ప్రమాదమూ తక్కువ.

కానీ "సరైన లోడు" అన్నాను చూడండి, అక్కడే ఉంది చిక్కు. 5 కేవీఏ డీజిల్ సెట్ కొని దాని మీద రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు వేసి రోజుల తరబడి నడిపితే ఇంజన్ తగినంత వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, సైలెన్సర్‌లోంచి నల్లటి జిడ్డు కారుతుంది, వాల్వుల మీద మసి పేరుకుంటుంది. దాని సామర్థ్యంలో కనీసం మూడో వంతు లోడైనా ఉండాలి. బరువు, శబ్దం సంగతి సరేసరి. ఒక్క కుటుంబానికి ఇది ఎక్కువ. నాలుగు ఇళ్లవాళ్లు కలిసి పెట్టుకుంటే మాత్రం చక్కగా పనికొస్తుంది, లోడూ సరిపోతుంది, ఖర్చూ పంచుకోవచ్చు.

మాకు రొయ్యల చెరువు ఉంది. ఎంత డీజిల్ ఉండాలి?

మా బావది భీమవరం దగ్గర చెరువు కాబట్టి ఈ బాధ నాకు దగ్గరగా తెలుసు. ఇంట్లో కరెంటు పోతే ఉక్కపోత మాత్రమే, చెరువులో పోతే పంటే పోతుంది. రాత్రిపూట నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున అట్టడుగుకు పడుతుంది, ఆ సమయంలో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు రెండు మూడు గంటలు ఆగినా రొయ్య పైకి తేలుతుంది. మబ్బు పట్టి రోజంతా ఎండ లేకపోతే నీటిలోని పచ్చదనం ఆక్సిజన్ తయారుచేయదు, అంటే తుపాను రోజుల్లో పగలు కూడా తిప్పాల్సి రావచ్చు.

లెక్క ఇలా వేసుకోండి. 2 హెచ్‌పీ ఏరియేటర్లు పది ఉంటే 15 కిలోవాట్లు, డీజిల్ గంటకు 5 లీటర్ల పైమాటే. రాత్రి పది గంటలకు 50 లీటర్లు. 200 లీటర్ల పీపా నాలుగు రాత్రులకు. పగలు కూడా తిప్పితే రెండు రోజులు కూడా రాదు. తుపాను తర్వాత చెరువు గట్ల మీదికి ట్యాంకరు రాదు, ట్రాక్టర్ కూడా దిగబడుతుంది. అందుకే మా బావ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా రెండు పీపాలకు తగ్గనివ్వడు, వాటిలోదే ట్రాక్టర్‌కు వాడుతూ మళ్లీ నింపుతుంటాడు. ఒకసారి నేను "ఇంత డబ్బు పీపాల్లో పోసి పెట్టడం ఎందుకు బావా?" అని అడిగితే, "చెరువులో ఉన్న డబ్బుతో పోలిస్తే ఇదెంత బావా?" అన్నాడు.

ఏరియేటర్లన్నీ ఒకేసారి ఆన్ చేయకండి. ఒకటి తిరిగి కుదురుకున్నాక ఇంకోటి. అన్నీ కలిపి వేస్తే జనరేటర్ కూర్చుండిపోతుంది.

డీజిల్ పాడవదా?

పాడవుతుంది, నెమ్మదిగా. పొడిగా ఉంటే ఆరు నెలలు నిశ్చింత, ఏడాది దాకా కూడా ఉంటుంది. దానికి శత్రువు నీరు. పీపాను నిలబెట్టి వానలో వదిలేస్తే పైన అంచు లోపల నీళ్లు నిలుస్తాయి, పగలు వేడికి, రాత్రి చలికి పీపా ఊపిరి తీసినట్టు ఆ నీటిని బిరడా సందులోంచి లోపలికి లాగేసుకుంటుంది. నీరూ డీజిలూ కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి పాకుడులా తయారై ఫిల్టర్‌ను మూసేస్తాయి. రేకుల నీడలో పెట్టండి, అడుగు తగలకుండా పైపు కాస్త పైన ఉంచి లాగండి, ఒక ఫిల్టర్ ఎప్పుడూ స్పేర్‌లో ఉంచండి.

గ్యాస్‌తో నడిచే జనరేటర్ మంచిదేనా? ఇంట్లో సిలిండర్ ఉంది కదా?

నిలవ విషయంలో గ్యాస్‌ను మించింది లేదు. ఎన్నేళ్లున్నా చెడిపోదు, కార్బురేటర్‌లో జిగురు పట్టదు, పొగ తక్కువ. పెట్రోల్‌తో, గ్యాస్‌తో రెండింటితో నడిచేవి దొరుకుతున్నాయి, కాకపోతే గ్యాస్ మీద శక్తి ఓ పది శాతం తగ్గుతుంది. యూనిట్‌కు సుమారు 0.45 కిలో గ్యాస్ అనుకుంటే, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ 40 యూనిట్లకు పైగా ఇస్తుంది. జాగ్రత్తగా వాడే ఇంటికి వారం రోజుల పైన వస్తుంది.

కానీ ఇంట్లో వంటకు ఇచ్చిన 14.2 కిలోల ఎర్ర సిలిండర్ జనరేటర్‌కు తగిలించకండి. అది వంటకే, వేరే వాడకం నిబంధనలకు విరుద్ధం. నిబంధన పక్కనపెట్టినా, కరెంటు లేని వారంలో వంటగ్యాస్ అయిపోతే ఆ కష్టం చీకటి కన్నా పెద్దది. గ్యాస్ జనరేటర్ కావాలంటే కమర్షియల్ కనెక్షన్ తీసుకోండి, కంపెనీ ఇచ్చిన రెగ్యులేటర్, ఐఎస్ఐ గుర్తు ఉన్న ట్యూబు వాడండి. సొంతంగా కిట్లు బిగించే ప్రయోగాలు వద్దు. ఎల్పీజీ గాలికన్నా బరువైనది, లీకైతే నేలబారున పాకి గుంటల్లో, సెల్లార్లలో నిలుస్తుంది, కాబట్టి సిలిండర్ ఎప్పుడూ ఆరుబయటే ఉండాలి.

కిరోసిన్ కలిపి నడిపితే చవక అంటున్నారు?

పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరోసిన్‌కు మార్చే సెట్లు ఒకప్పుడు మన ఊళ్లలో, పందిళ్ల దగ్గర, దుకాణాల ముందు బాగా కనపడేవి. అవి దానికోసమే తయారైనవి. మామూలు పెట్రోల్ జనరేటర్‌లో కిరోసిన్ కలిపితే పొగ, నాకింగ్ (ఇంజన్ టకటకా కొట్టుకోవడం), చివరికి పిస్టన్ పోతుంది. వద్దు.

ఇన్వర్టర్ ఉంది, పైన సోలార్ కూడా ఉంది. ఇంకా జనరేటర్ ఎందుకు?

ఇంటి మీద సబ్సిడీతో పెట్టించుకున్న సోలార్ ఎక్కువగా ఆన్‌గ్రిడ్, అంటే బయటి కరెంటు లైనుతో కలిసి నడిచేది. లైన్‌లో కరెంటు పోగానే, స్తంభం మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకూడదని, అది కూడా ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాన్ తిరగదు. ఇది తెలియక తుపాను రోజున బిత్తరపోయినవాళ్లను చూశాను. బ్యాటరీతో ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ అయితేనే పనిచేస్తుంది, ముందే ఇన్‌స్టాల్ చేసినవాళ్లను అడిగి తెలుసుకోండి.

ఇన్వర్టర్ ఉండటం మాత్రం చాలా మేలు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ నుంచి ఒకటింపావు యూనిట్ దాకా వాడుకోవచ్చు, రాత్రంతా రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఒక బల్బు దాంతో గడిచిపోతాయి. జనరేటర్ నడిచే ఆరు గంటల్లో ఫ్రిజ్‌తో పాటు ఇన్వర్టర్ చార్జింగ్ కూడా పెట్టేస్తే రాత్రి పెట్రోల్ అక్కర్లేదు, శబ్దమూ ఉండదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ నింపాదిగా ఎక్కుతుంది, ఆరు గంటల్లో పూర్తిగా నిండకపోవచ్చు, అది లెక్కలో ఉంచుకోండి.

వాన పడుతోంది. వరండాలో పెట్టి నడపొచ్చా?

వద్దు. వరండాలో వద్దు, మెట్ల కింద వద్దు, కిటికీ దగ్గర వద్దు, షట్టర్ సగం ఎత్తిన షెడ్డులో వద్దు. పెట్రోల్, డీజిల్, గ్యాస్, ఏది కాలినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తుగా అనిపించడం, అంతే, నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలీదు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, సైలెన్సర్ ఇంటికి ఎదురుగా లేకుండా పెట్టాలి. వానకు నాలుగు కర్రలు పాతి పైన రేకు వేయండి, పక్కలు తెరిచే ఉంచండి. గాలి విసురుగా ఉన్నంతసేపు అసలు నడపకుండా ఆగండి, ఆ కొన్ని గంటలు కొవ్వొత్తి, టార్చిలైటు చాలు. ఇంట్లో ఎవరికైనా కారణం లేకుండా తల తిరిగినట్టు ఉంటే ముందు అందరూ బయటికి రండి.

ఇంజన్ వేడి మీద ఉండగా ట్యాంకులో పెట్రోల్ పోయకండి. ఆపి, పావుగంట చల్లారనిచ్చి, అప్పుడు గరాటుతో పోయండి. చీకట్లో పోయాల్సి వస్తే టార్చి వాడండి, కొవ్వొత్తి, లాంతరు దగ్గరికి తేవద్దు.

రెండువైపులా ప్లగ్ ఉన్న వైరుతో గోడ సాకెట్‌కు ఇస్తే ఇల్లంతా వస్తుందట కదా?

వస్తుంది, అక్కడితో ఆగదు. మీ మీటరు దాటి బయటి లైన్‌లోకి, అక్కడినుంచి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్లి 11 వేల వోల్టులై స్తంభం మీద తీగ కడుతున్న లైన్‌మన్‌ను చంపగలదు. తుపాను తర్వాత పక్క జిల్లాల నుంచి వచ్చి, తిండీ నిద్రా మాని మన కోసం స్తంభాలు ఎక్కే మనుషులు వాళ్లు. ఇంటిని బయటి లైనుకో, జనరేటర్‌కో ఏదో ఒకదానికే కలిపే ఛేంజోవర్ స్విచ్ పెట్టించండి. అది కుదరకపోతే మందంగా ఉన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో నేరుగా ఫ్రిజ్‌కు, ఫ్యాన్‌కు ఇచ్చుకోండి.

మా అపార్ట్‌మెంట్ జనరేటర్ సెల్లార్‌లో ఉంది. పర్వాలేదా?

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు సెల్లార్లలో ఏమున్నా నీళ్లపాలే. నీరు వచ్చే అవకాశం ఉన్న చోట జనరేటర్, డీజిల్ ట్యాంకు, ప్యానెల్ మూడూ నేలకు ఎత్తున దిమ్మ మీద ఉండాలి. అసోసియేషన్ మీటింగ్‌లో ఈ ఒక్క విషయం గట్టిగా అడగండి. అలాగే లిఫ్టు ఎంతసేపు నడపాలి, నీళ్ల మోటారు ఎప్పుడు వేయాలి అన్నది ముందే రాసుకోండి, తర్వాత గొడవలు ఉండవు.

మేం హ్యూస్టన్‌లో ఉంటున్నాం. ఇక్కడ ఏది మంచిది?

2024 జులైలో బెరిల్ తుపాను వచ్చినప్పుడు అక్కడ 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, మా చెల్లెలు వాళ్లు ఆ ఎండల్లో రోజుల తరబడి ఏసీ లేకుండా ఉన్నారు. ఇంటికి పైపు ద్వారా గ్యాస్ వస్తుంటే, దానితోపాటు ప్రొపేన్, పెట్రోల్ మూడింటితో నడిచే సెట్ తీసుకోవడం తెలివైన పని, ఒకటి ఆగితే ఇంకోటి ఉంటుంది. పైపు గ్యాస్ పాయింట్ లైసెన్సు ఉన్న ప్లంబర్‌తోనే పెట్టించండి. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచినా సరే, గ్యారేజీలో నడపొద్దు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో కార్బన్ మోనాక్సైడ్‌తో మనుషులు పోయారు. దాన్ని కనిపెట్టే అలారం బ్యాటరీతో నడిచేది పడకగదుల దగ్గర పెట్టుకోండి.

ఇంట్లో నాన్నగారికి ఆక్సిజన్ మెషీన్ ఉంది. మేం ఏం చేయాలి?

గాలి నుంచి ఆక్సిజన్ తీసే 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్ 300 వాట్ల పైన లాగుతుంది, ఆపకుండా నడవాలి. పైన చెప్పిన ఆరు గంటల లెక్క మీకు వర్తించదు. ఒక్క యంత్రాన్ని నమ్ముకోవద్దు. డాక్టర్‌తో మాట్లాడి, నింపిన ఆక్సిజన్ సిలిండర్, రెగ్యులేటర్ ఇంట్లో ఉంచుకోండి, ఇన్వర్టర్‌కు మెషీన్ కోసం విడిగా లైను ఇప్పించండి. తుపాను నేరుగా మీ వైపే అని తెలిస్తే గాలి మొదలుకాక ముందే ఆయన్ని తీరానికి దూరంగా ఉన్న బంధువుల ఇంటికో, ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికో చేర్చండి. ఇక్కడ మొహమాటాలు వద్దు.

హెచ్చరిక వచ్చింది, రెండు రోజులే ఉంది. ఇంకా ఏమీ కొనలేదు. ఇప్పుడేం చేయాలి?

కంగారుగా వెళ్లి తెలియని జనరేటర్ కొనకండి, ఆ రోజుల్లో రేట్లు కూడా అలాగే ఉంటాయి. రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేసేదాకా ఆగకుండా ముందు బండి, కారు ట్యాంకులు నింపండి, నగదు తెచ్చుకోండి, నీళ్ల ట్యాంకు నింపండి, ఇన్వర్టర్, పవర్ బ్యాంకులు చార్జ్ చేయండి, ఫ్రీజర్‌లో సీసాలు పెట్టండి. కారు ఆరుబయట ఉంటే దానిలోంచి ఫోన్లు చార్జ్ చేసుకోవచ్చు.

జనరేటర్ ఇప్పటికే ఉంటే ఈ రోజే బయటికి తీయండి. ఇంజన్ ఆయిల్ చూడండి, ఒక లీటరు ఆయిల్, ఒక స్పార్క్ ప్లగ్ కొనిపెట్టుకోండి. పాత పెట్రోల్ తీసేసి కొత్తది పోసి, ఫ్రిజ్ తగిలించి అరగంట నడిపి చూడండి. మొరాయిస్తే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడానికి ఇంకా రోడ్లు తెరిచే ఉన్నాయి.